పెళ్ళికూతురి నాయనమ్మగా విజయనగరంలో ఒక సాయంత్రం

ఈ ప్రయాణానికి మూలం మా చర్చి క్రిస్మస్ నాటకంలో సత్రం యజమాని. మా మనవరాలు సలోమికి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. కోటబొమ్మాళిలో మా దగ్గరే పెరిగింది. మొన్న డిసెంబరులో దానికి ఆ సత్రం యజమాని పాత్ర ఇచ్చారు. కాన్పుకి చోటు అడగడానికి వచ్చిన మరియమ్మకి ఆ పాత్ర చెప్పవలసింది ఒక్కటే మాట, ఇక్కడ చోటు లేదు అని. ఆ మాట చెప్పి తలుపు వేసుకోకుండా ఇది మూడుసార్లు తల బయటపెట్టి, మంచం లేదు, చాప ఉందేమో మా ఆవిడని అడుగుతాను ఉండండి అని సొంతంగా మాటలు కల్పించింది. చర్చి అంతా నవ్వింది. మా పాస్టరు అయ్యగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. నిండు చూలాలు గుమ్మంలో నిలబడి ఉంటే నవ్వులేమిటే అని ఇంటికొచ్చాక అడిగితే, "నవ్వేరు కాబట్టే అమ్మమ్మా, మరియమ్మ పశువుల పాకలోకి ఎల్తంటే అందరూ ఏడిసేరు" అంది. జవాబు తోచనప్పుడు నాకు విసుగు వస్తుంది. ఆ విసుగు మార్చి నెల దాకా తగ్గలేదు.

మార్చిలో అది ఒక కాగితం తెచ్చింది. విశాఖపట్నంలో ఒక నాటక బృందం వాళ్ళు వేసవి సెలవుల్లో ఇరవై రోజులు నటన నేర్పుతారట. ఆడపిల్లలకు వేరే హాస్టలు ఉంటుందట. ఇంటి పెద్ద సంతకం కావాలి. మా అమ్మాయి నర్సు, ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది. మా అల్లుడిది విశాఖలో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు, దగ్గరుండి పెంచింది నువ్వు కాబట్టి నువ్వు సరేనంటే మాకూ సరే అన్నారు. రేపు ఏదైనా జరిగితే నింద పడవలసింది ఎవరి మీదో ఆ మాటతోనే తేలిపోయింది. నా భయం హాస్టలు తిండి గురించి, సముద్రం గురించి, బస్సుల గురించి కూడా ఉంది కానీ, అసలు భయం వేరే. నవ్వించే ఆడపిల్ల నవ్వులపాలు అవుతుంది. రేపు దాన్ని ఎవరూ మనిషిగా లెక్క చెయ్యరు. ఇది నేను దానితో ఎన్నోసార్లు చెప్పాను. ఆఖరికి అది ఒక బేరం పెట్టింది. అదే బృందం శనివారం సాయంత్రం విజయనగరంలో ఒక హాస్య నాటకం వేస్తోంది, అక్కడే భోజనం కూడా పెడతారు. వచ్చి చూడు, చూశాక కూడా వద్దంటే జన్మలో మళ్ళీ అడగను అంది. కాగితం ఇవ్వడానికి ఆఖరి రోజు సోమవారం. అందుకని బయలుదేరాము. మనవలతో ఇలాంటి చోటికి వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతే. నోటుపుస్తకంలో నేను రాస్తే సలోమి ఫోనులో ఎక్కిస్తుంది.

కోటబొమ్మాళిలో పదకొండున్నరకి పాసింజరు ఎక్కాము. టిక్కెట్టు మనిషికి పాతిక రూపాయలు. సంచిలో రెండు జతల బట్టలు, నా బైబిలు, కళ్ళజోడు, సుగరు మాత్రలు, దారిలో తినడానికి పెరుగన్నం, వాంతులు వస్తాయేమోనని నిమ్మకాయ, వర్షం వస్తుందేమోనని గొడుగు పెట్టుకున్నాను. ఎండలు మండిపోతున్నాయి, వర్షమేమిటి అని సలోమి విసుక్కుంది. ఆమదాలవలసలో జనం తోసుకుని ఎక్కారు. పొందూరు దాటేదాకా సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. చీపురుపల్లిలో బండి ఆగింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అయినా కదలలేదు. ఇంజను పాడైపోయింది, ఇక వెనక్కి పోవడమే అనుకున్నాను. వేరుశెనగకాయలు అమ్మే అతన్ని పిలిచి ఏమైందని అడిగాను.

"గూడ్సుని ముందు పంపుతారు మామ్మా. దినామూ ఇదే బాగోతం. బండి ఆగబట్టే కదా నా కాయలు సెల్లుతన్నాయి" అన్నాడతను.

పది రూపాయల కాయలు కొన్నాను. బండి ముప్పై ఐదు నిమిషాలు ఆగింది. మీరు ఈ దారిలో వచ్చేటట్టయితే చీపురుపల్లిలో ఆగుతుందనే లెక్కతో బయలుదేరండి. విజయనగరంలో మా చెల్లెలి ఇంటికి చేరి, స్నానం చేసి, నాలుగున్నరకి ఆటో ఎక్కాము. మా చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు, అది రాలేదు. ఆటో అతను కోట అవతల ఫంక్షను హాలుకి ఎనభై అడిగితే అరవైకి ఒప్పించాను. పెళ్ళికా అని అడిగాడు. పెళ్ళి నాటకానికి అన్నాను. నాటకానికి వెళ్తే బువ్వ కూడా పెడతారా అని ఆశ్చర్యపోయాడు. మనిషికి మూడు వందలు పుచ్చుకుంటున్నారు నాయనా అంటే, "అయితే అది పెళ్ళి కాదు మామ్మా, వోటేలు" అన్నాడు. నాకు అతని మాట సబబుగానే తోచింది. సలోమి మొహం అటు తిప్పుకుంది.

ఆ నాటకం పద్ధతి కాస్త చెప్పాలి. హాలంతా పెళ్ళి పందిరిలా కట్టారు. మనం చూడ్డానికి వచ్చినవాళ్ళమైనా, పెళ్ళికి వచ్చిన చుట్టాలన్నట్టే బల్లల ముందు కూర్చోబెడతారు. ఎడమ పక్క పెళ్ళికూతురి వైపు వాళ్ళు, కుడి పక్క పెళ్ళికొడుకు వైపు వాళ్ళు. నాటకం మన బల్లల మధ్యనే నడుస్తుంది, వడ్డించేవాళ్ళూ నటులే. గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అందరికీ చీటీలు గుచ్చుతోంది. ఒకరికి మేనమామ అని, ఒకరికి బాబాయి అని, అలా. నన్ను చూడగానే నవ్వి, నా చీర మీద "పెళ్ళికూతురి నాయనమ్మ" అన్న చీటీ గుచ్చింది. సలోమికి "పెళ్ళికూతురి చెల్లెలు" అని పెట్టింది. చీటీ పెట్టాక ఏదో ఒక పని ఉంటుంది కదా, నేనేమి చెయ్యాలమ్మా అని అడిగాను.

"ఏటీ సెయ్యక్కర్నేదు మామ్మా. కూకుని తినడమే" అంది.

ఆ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

వాళ్ళు ఇచ్చిన టిక్కెట్టు కూడా అచ్చం శుభలేఖలాగే ఉంది. అందులో భోజనాలు ఆరు గంటలకు అని వేశారు. మా పక్క పెళ్ళిళ్ళలో శుభలేఖ మీద భోజనాల వేళ వేస్తే పది నిమిషాలు అటూ ఇటూ ఆ వేళకి పెట్టి తీరతారు. పెట్టకపోతే మాట పడతారు. తిండికి అరగంట ముందు సుగరు మాత్ర వేసుకోవాలని మా అమ్మాయి వందసార్లు చెప్పింది. అందుకని ఐదున్నరకి కుర్చీలో కూర్చోగానే మాత్ర వేసేసుకున్నాను. ఆరైంది. పెళ్ళికొడుకు బూట్లు పోయాయని ఒక గొడవ మొదలుపెట్టారు. ఆరుంపావుకి పురోహితుడికి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు చెమటలు పడుతున్నాయి. సలోమి నవ్వుతూనే మధ్యమధ్యలో నా మొహం చూస్తోంది. నేను నవ్వానా లేదా అని చూస్తోందని తెలుసు. దాని కోసమైనా నవ్వుదామనుకున్నాను కానీ కడుపులో ఏమీ లేకుండా నవ్వు ఎక్కడినుంచి తేవాలి?

ఆరున్నరకి చెయ్యి కడుక్కునే వంకతో వెనక వంటశాల వైపు వెళ్ళాను. వంటవాడు గరిట పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు, నాకంటే ఎక్కువ విసుగులో ఉన్నాడు. అన్నం ఎప్పుడు పెడతారు బాబూ అన్నాను.

"ఆళ్ళు గంట కొడితేగానీ తియ్యకూడదంట మామ్మా. పనసపొట్టు కూర దించి గంటయిపోనాది. ఆళ్ళ నవ్వులు బాగానే ఉన్నాయి. నా కూర సల్లారిపోతంటే నాకు ఏడుపొస్తన్నాది."

సుగరు మాత్ర సంగతి చెప్తే లోపలికి వెళ్ళి బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ పూట నాతో తిన్నగా మాట్లాడిన మనిషి అతనొక్కడే.

తిరిగి వచ్చేసరికి అరిటాకులు వేసేశారు. ఒక్కొక్క ఆకులో ఒక బూరె, కాస్త పులిహోర వడ్డించారు. దేవుడా అనుకున్నాను. మాకు ప్రార్థన చెయ్యకుండా ఆకు ముట్టుకునే అలవాటు లేదు. పెళ్ళిలోనైనా, చావింట్లోనైనా సరే. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థనే చేసుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆకులో పులిహోర ఉంది, బూరె లేదు. సలోమి నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది. పెళ్ళికొడుకు తండ్రి వేషం వేసిన అతను, సన్నటి మనిషి, అంటించిన పెద్ద మీసం, మా బల్ల పక్కనుంచి బుగ్గ ఉబ్బించుకుని నడిచిపోతున్నాడు. నాకు నవ్వు రాలేదు. పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నాను. అంతలో ఆ మనిషే తన ఆకు ముందు కూర్చుని, అప్పడం విరిగిపోయి వచ్చిందని కేకలు వేసి, ఆకు మీదనుంచి లేచిపోయాడు. ఎవరూ తినకూడదు, మా వియ్యంకుడు లేచాడు, ఆకులు తీసేయండి అని వడ్డించేవాళ్ళు గోల చేసి మా ఆకులు లాక్కున్నారు.

అక్కడితో నా ఓపిక అయిపోయింది. మా ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్ద ఆకు మీదనుంచి లేచిపోతే ఆడపెళ్ళివారు ఆ పూట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. అప్పుడు ఆడపిల్ల ఇంటి ముసలామె వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. ముసలామె చెయ్యి విదిలించుకుని పోయే మనిషిని నేను చూడలేదు. మా అమ్మాయి పెళ్ళిలో కూరలో ముక్కలు తక్కువ పడ్డాయని మా వియ్యంకుడు లేచిపోతే నేనే వెళ్ళి కూర్చోబెట్టాను. ఇక్కడ నా గుండెల మీద పెళ్ళికూతురి నాయనమ్మ అని చీటీ ఉంది. కడుపులో మాత్ర ఉంది. లేచి తిన్నగా వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"కూకోండి బావగారూ. అప్పడం ఇరిగితే ఇంకోటి ఏయిస్తాను. ఇస్తరి ముందునుంచి నెగిస్తే ఆడపిల్లోళ్ళు పస్తుంటారు. నాకు సుగరున్నాది" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. నన్ను చూశాడు, నా చేతిని చూశాడు, కూర్చున్నాడు.

హాలంతా ఒకటే నవ్వు. బూట్ల గొడవకి నవ్విన నవ్వు కంటే పెద్దది. అప్పుడు తెలిసింది నేను చేసిన పని ఏమిటో. ఆయన అలిగి లోపలికి పోతేనే తరవాత కథ. ఆయన్ని బతిమాలడానికి పెళ్ళికూతురి తండ్రి, బ్యాండు మేళం అందరూ తెర పక్కన సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఈయన కూర్చుండిపోతే వాళ్ళకి పని లేదు. నాటకం ఆగిపోయింది. రెండు వందల మంది నన్ను చూసి నవ్వుతున్నారు, కొందరు ఫోనులెత్తి పట్టుకున్నారు. చెయ్యి వదలాలో పట్టుకోవాలో తెలియలేదు. సలోమి నవ్వులపాలు అవుతుందని మూడు నెలలు ఏడ్చాను, తీరా అయింది నేను. దాని కళ్ళ ముందే.

అప్పుడు సలోమి లేచింది. పరిగెత్తలేదు. చున్నీ నడుముకి బిగించి కట్టి, సొంత ఇంట్లో పెళ్ళయినట్టు తీరిగ్గా నడిచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. దానికీ భయంగానే ఉందని నాకు ఒక్కదానికే తెలిసింది. గొంతు మాత్రం హాలు చివరిదాకా వినబడింది.

"మావయ్యా, మా నాయనమ్మ చెయ్యట్టుకుందని కూకున్నారా, పక్క ఆకులో బూరె ఉందని కూకున్నారా? ఆవిడ కళ్ళు మూసుకుని మీ పెళ్ళి బాగా జరగాలని దండం ఎట్టుకుంటే, ఆకులో బూరె ఎవులు లాక్కుపోయేరో సెప్పి మరీ అలగండి."

ఆ నటుడి మొహం వెలిగిపోయింది. మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టు లేచి నిలబడ్డాడు. "ఏటీ? నేను బూరెల దొంగనా? ఇంత మాటన్నాక ఈ ఇంట్లో ముద్ద ముట్టను" అని కండువా దులిపాడు. దులిపేసరికి దాంట్లోంచి సగం కొరికిన బూరె కింద పడింది. హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు ఆయన మీద. ఆయన అలిగి లోపలికి పోయాడు, బ్యాండు వాయించారు, పెళ్ళికూతురి తండ్రి గుండెలు బాదుకుంటూ వెనక పరిగెత్తాడు. నాటకం మళ్ళీ పట్టాలెక్కింది. సలోమి నన్ను నడిపించుకుంటూ తీసుకొస్తుంటే దారిలో జనం లేచి, నాయనమ్మగారూ రండి అని కుర్చీ జరిపారు. ఒకావిడ తన సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చింది. ప్రార్థన చేసుకుని తిన్నాను. ఈసారి కళ్ళు తెరిచే ప్రార్థన చేసుకున్నాను.

అసలు భోజనం ఏడూ నలభైకి పెట్టారు. ముద్దపప్పు, పనసపొట్టు కూర, చారు, గడ్డపెరుగు. కూర చల్లారిపోయినా ఆవ ఘాటుగా పెట్టాడు, రుచిగానే ఉంది. మీసం ఊడదీసుకున్న ఆ నటుడు ఆకులో రెండు బూరెలు పెట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. మీరు చెయ్యి పట్టుకుంటే మా అమ్మ పట్టుకున్నట్టయి నిజంగా లేవలేకపోయాను, తరవాతి మాట మర్చిపోయాను, మీ పిల్ల అందుకోకపోతే ఈ పూట మా పరువు పోయేది అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని సలోమిని అడిగాడు. "మా చర్చి సత్రంలోనండి" అంది అది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పుడు వచ్చింది నాకు నవ్వు, ఆ సాయంత్రం మొత్తానికి మొదటిసారి. నోట్లో చారు ఉండగా వచ్చింది. చీర పాడైపోయింది.

మర్నాడు ఆదివారం. ఆరాధనకి అందుకోవాలని పొద్దున్నే మొదటి పాసింజరు ఎక్కాము. సలోమి కాగితం తీయలేదు, మాట ఎత్తలేదు. బేరం ప్రకారం మాట నేనే చెప్పాలి. రాత్రంతా నేను నిద్ర పోలేదు. నిన్న అది లేచి రాకపోతే ఏమయ్యేది అని ఒక వైపు, హాస్టల్లో ఇది ఇలాగే నడుం కట్టి లేస్తే ఎవరి చెయ్యి పట్టుకుంటుంది అని ఇంకో వైపు. నెల్లిమర్ల దాటాక, ఆ కాగితం ఏది అని అడిగాను. సంచి అడుగునుంచి మడత తీసి ఇచ్చింది. చదివాను. రెండుసార్లు చదివాను. బండి ఊగుతోందే, ఇలా ఊగుతుంటే సంతకం ఎలా పెడతాను, ఇంటికి వెళ్ళాక చూద్దాం అన్నాను. అది సరే అని కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది. ఎదురు చెప్పి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చీపురుపల్లిలో బండి ఆగింది. గూడ్సుకి దారి ఇవ్వడానికే. ఐదు నిమిషాలు అయింది, పది నిమిషాలు అయింది. ఆరాధన అందదు, అయ్యగారు నా చోటు ఖాళీగా చూస్తారు అని నేను రైల్వే వాళ్ళని తిట్టడం మొదలుపెట్టాను.

సలోమి పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఊగట్నేదు అమ్మమ్మా" అంది.

కళ్ళజోడు పెట్టుకుని, కాగితం కింద బైబిలు పెట్టుకుని, దానమ్మ అని మూడక్షరాలూ నిదానంగా రాశాను. చివర మ కింద ఒత్తు వంకర పోతుందేమోనని అది ఊపిరి బిగపట్టి చూసింది. వంకర పోలేదు. బండి ఇంకో పదిహేను నిమిషాలు ఆగే ఉంది. ఆరాధనకి పాట అయిపోయాక వెళ్ళాము, సంచులతో సహా వెనక వరసలో కూర్చున్నాము.

నా భయాలు పోయాయని అనుకోవద్దు. హాస్టలు అన్నం గురించి, సముద్రం గురించి, రాత్రి తలుపు గడియ గురించి రోజూ ఒకటి గుర్తుకొస్తూనే ఉంది, దానికి రోజూ చెప్తూనే ఉన్నాను, అది రోజూ విసుక్కుంటూనే ఉంది. కానీ ఒక సంగతి మాత్రం మనసులో నిలిచింది. నిండు సభలో నన్ను చూసి జనం నవ్వినప్పుడు నన్ను దాచడానికి అది చూడలేదు. ఆ నవ్వు మధ్యకే వచ్చి, దాన్ని తిప్పి, నాకు కుర్చీ వేయించింది. అటువంటి పిల్ల నవ్వులపాలు అవుతుందని నేను ఇక అనలేను. వేరే మాటలు చాలా అంటాను. ఇక మీరు ఇలాంటి విందు నాటకానికి వెళ్తే ఒక్క జాగ్రత్త తీసుకోండి. శుభలేఖ మీద ఎన్ని గంటలు వేసినా, చీటీ గుచ్చిన అమ్మాయి ఎంత నవ్వుతూ చెప్పినా నమ్మకండి. వంటవాడు గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్ళడం మీ కళ్ళతో చూసి, అప్పుడు వేసుకోండి సుగరు మాత్ర.